పాత ట్రెక్ మౌంటెన్ బైకు బాగుచేయడం: పార్టులు కొనేముందు కడగండి

ప్రశ్న: మాడిసన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఒక పెద్దాయన దగ్గర పాత ట్రెక్ 930 మౌంటెన్ బైకు 80 డాలర్లకి కొన్నాను. 1993 నాటిది అన్నారు. కుడి గేరు లివరు నొక్కితే ఊరికే లోపలికి పోతోంది, గేరు మారట్లేదు. సీటు పైకి లేపుదామంటే రాడ్డు కదలట్లేదు. ఫ్రేము మీద అక్కడక్కడ తుప్పు. ఫోటో కూడా పెడుతున్నాను. షాపులో చూపిస్తే "దీనికి పెట్టే డబ్బుతో కొత్తదే వస్తుంది" అన్నారు. నాకేమో పెయింటు వేయించి, పార్టులన్నీ మార్చి కొత్తదానిలా చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంతవుతుంది?

సమాధానం:

ముందు పెయింటు సంగతి మర్చిపోండి. పార్టుల లిస్టు రాసుకుని ఉంటే దాన్నీ మడిచి జేబులో పెట్టుకోండి. మీరు చెప్పిన మూడు రోగాల్లో రెండింటికి మందు ఒక స్ప్రే డబ్బా, నాలుగు పాత గుడ్డలు, కాస్త ఓపిక. ముప్పై ఏళ్ళ సైకిల్లో పాడైపోయిందని మనం అనుకునేదాంట్లో చాలావరకు పాడవలేదు. లోపల గ్రీజు ఎండిపోయిందంతే. ఎండిన గ్రీజుకి, అరిగిన ఇనుముకి తేడా తెలియాలంటే కడిగి చూడాల్సిందే. షాపువాళ్ళని కూడా తప్పుపట్టను. గంటకి ఇంత అని కూలీ లెక్క కట్టేవాళ్ళకి ఈ పని గిట్టదు. మన శనివారాలకి కూలీ లేదు కాబట్టి మనకి గిడుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. తెనాలిలో మా మామయ్యకి సైకిల్ షాపు ఉండేది. వేసవి సెలవుల్లో నా డ్యూటీ, ఓవరాలింగుకి వచ్చిన సైకిళ్ళ బేరింగు బాల్స్‌ని రేకు పళ్ళెంలో కిరసనాయిలు పోసి కడగడం. అప్పట్లో ఆ వాసనంటే కడుపులో తిప్పేది. ఇప్పుడు షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటూ పన్నెండేళ్ళుగా గ్యారేజీలో అదే పని సరదాగా చేస్తున్నాను. ఇరవై పైచిలుకు పాత మౌంటెన్ బైకులు విప్పి బిగించాను. రెండింటిని నా చేతులతో పాడుచేశాను కూడా, వాటి గురించీ చెప్తాను.

మీరు కొన్నది మంచి ఫ్రేమే. 90ల మొదట్లో ట్రెక్ వాళ్ళు ఈ 900 సిరీస్ ఫ్రేముల్ని మీకు అరగంట దూరంలో ఉన్న వాటర్లూలోనే చేసేవారు. ట్రూ టెంపర్ కంపెనీ క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన) స్టీలు పైపులు, అవి కలిసేచోట లగ్గులు పెట్టి బ్రేజింగ్ చేసినవి, అంటే ఇత్తడిలాంటి లోహం కరిగించి అతికినవి. లగ్గు అంటే కొత్తదేం కాదు. మన హీరో, అట్లాస్ సైకిళ్ళలో రెండు పైపులు కలిసే మూలలో తొడుగులాంటిది ఉంటుంది చూడండి, అదే. అక్కడ అది మామూలు బండి, ఇక్కడ ఇప్పుడు అదే ముచ్చటైపోయింది.

1993 అన్నది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. పెడల్ తగిలించే క్రాంకు కడ్డీ వెనకవైపు తుడిచి చూడండి. షిమానో సరుకైతే రెండు ఇంగ్లీషు అక్షరాలు గుద్ది ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. 'ఏ' అంటే 1976, అక్కడినుంచి ఏడాదికి ఒక అక్షరం. 'ఆర్' ఉంటే 1993. రెండో అక్షరం 'సి' అయితే మార్చి. అది పార్టు తయారైన తేదీ, సైకిలుది కాదు. మధ్యలో ఎవరూ క్రాంకు మార్చకపోతే సైకిలు కూడా ఆ దరిదాపుల్లోదే.

పానా పట్టుకునేముందు పది నిమిషాలు ఫ్రేము చూడండి. ఇందులో ఫెయిలైతే మిగతా పనంతా దండగ. ముందు చక్రం పైన హ్యాండిల్ దిగే పొట్టి పైపు ఉంది కదా, దాని వెనక, కిందికి వాలిన పైపు అడుగున వేలితో నిమరండి. సైకిలు ఎప్పుడైనా గోడనో కారునో ఎదురుగా గుద్దితే అక్కడ సన్నటి ముడత వస్తుంది. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. పెయింటు అడ్డంగా వెంట్రుకలా చిట్లి ఉన్నా అనుమానించండి. తర్వాత ఒక దారం తీసుకుని వెనక చక్రం ఇరుసు కూర్చునే ఒక చెంప నుంచి ముందుకి లాగి, హ్యాండిల్ పైపు చుట్టూ తిప్పి, వెనక రెండో చెంపకి కట్టండి. సీటు పైపుకి దారానికి మధ్య దూరం రెండు వైపులా కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాని పట్టించుకోకండి, అంతకంటే ఎక్కువైతే వెనక భాగం వంగినట్టే. చివరగా గేర్ల వైపు చైను పక్కనే వెనక్కి వెళ్ళే పైపు, అది ఇరుసు దగ్గర అతుక్కునే చోటు. పగుళ్ళు అక్కడ ఎక్కువ.

రెండు పెడల్స్ మధ్య ఇరుసు ఉండే గూడు అడుగున సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని బైక్ ఇండెక్స్ సైట్లో కొట్టి చూడండి, దొంగ సరుకు కాదని తేలితే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. మీ ఫోటోలో ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ పార్టు, గట్టి స్టీలుదే, సస్పెన్షన్ లేదు. అదృష్టమనుకోండి. ఆ కాలపు రాక్‌షాక్స్ కంపెనీ క్వాడ్రా, జూడీలాంటి సస్పెన్షన్ ఫోర్కుల్లో రబ్బరు దిమ్మల్లాంటివి పెట్టేవారు. ఇప్పుడు విప్పితే అవి కరిగిన బెల్లం పాకంలా వేళ్ళకి అంటుకుంటాయి. వాటితో ఒక వేసవంతా పోగొట్టుకున్నాను.

ఇక సీటు రాడ్డు. గేర్ల కంటే ముందు ఇదే మొదలుపెట్టండి, ఎందుకంటే దీనికి రోజులు పడుతుంది. ఫ్రేము స్టీలు, రాడ్డు అల్యూమినియం. ఎవరో గ్రీజు రాయకుండా దించారు. వాననీళ్ళు, మీ వైపు చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు లోపలికి దిగాయి. రెండు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొంగి చిలుము పడుతుంది. ఆ తెల్లపొడి రాడ్డు కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి లోపల మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుపోతుంది.

సీటు కింద బిగించే బోల్టుని వదులు చేయడం కాదు, మొత్తం తీసేయండి. రాడ్డు లోపలికి దిగేచోట చుట్టూ తుప్పు వదిలించే నూనె పోయండి. డబ్ల్యూడీ-40 కంటే పీబీ బ్లాస్టర్, క్రోయిల్‌లాంటివి మేలు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, నాలుగైదు రోజులు. పోసిన ప్రతిసారీ రాడ్డుని రబ్బరు సుత్తితో పక్కలనుంచి నాలుగు తట్టులు తట్టండి. నూనె దిగడానికి ఆ కదలిక కావాలి. నూనెతో రాకపోతే గుడ్డతో అంతా తుడిచి, ఇంట్లో కడగడానికి వాడే అమ్మోనియా అదే చోట పోసి చూడండి, అల్యూమినియం చిలుము దానికి లొంగుతుంది. తలుపు తెరిచి పెట్టుకోండి. ఆ చుట్టుపక్కల బ్లీచ్ మాత్రం ఉండకూడదు. రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు.

చాలామంది వేడి చేయమంటారు. నేనూ చేశాను, బుద్ధి వచ్చింది. ఒకే వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఫ్రేముకి మంట పెడితే లోపలి రాడ్డు ఇంకా లావై ఇంకా బిగుసుకుంటుంది, పైగా పెయింటు మాడుతుంది. రాడ్డుని చల్లబరచడమే దారి. రాడ్డు లోపల బోలుగా ఉంటే ఐసు ముక్కలు దట్టించండి. లేదా టైర్లలో గాలికి వాడే చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండరు దాని మీద వదలండి, మంచు పడుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి. చల్లబడగానే పాత సీటొకటి తగిలించి, దాన్నే పిడిగా పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. పైకి లాగొద్దు, తిప్పండి. కదిలేది తిప్పినప్పుడే. ఏదో విరిగినట్టు టప్పున చప్పుడవుతుంది, గుండె జారుతుంది, కానీ విరిగేది చిలుమే. ఒక వెంట్రుకవాసి తిరిగిందంటే గెలిచినట్టే. మళ్ళీ నూనె పోసి ఆపేయండి, మర్నాడు ఇంకాస్త.

అప్పటికీ రాకపోతే రాడ్డుని బెంచీ వైసులో బిగించి, సైకిల్ని తలకిందులు చేసి ఫ్రేమునే పానాలా తిప్పే పద్ధతి ఉంది. ఇద్దరుండాలి, మెల్లగా చేయాలి. మొండిగా తిప్పితే ఫ్రేమే మెలిపడుతుంది. ఆఖరి మార్గం, రాడ్డుని కోసేసి హ్యాక్‌సా బ్లేడుతో లోపలినుంచి నిలువునా గాడి కొట్టడం. ఓ పూట పని, చేతులు బొబ్బలు. నాకు ఇరవైలో రెండుసార్లే అంతదాకా వచ్చింది. బయటికి తీశాక రాడ్డు అడుగున 26 పాయింట్ ఏదో అని నంబరు గుద్ది ఉంటుంది, రాసుకోండి. కొత్తది కొనాల్సివస్తే 0.2 మిల్లీమీటరు తేడా ఉన్నా కుదరదు. సరిగ్గా అదే సైజు కావాలి.

గేరు లివరుకి వద్దాం. మీ ఫోటోలో ఉన్నది బొటనవేలితో నొక్కే షిమానో రాపిడ్‌ఫైర్. దాని లోపల గోరంత కొక్కేలుంటాయి. లివరు నొక్కినప్పుడు కొక్కెం పళ్ళచక్రాన్ని పట్టుకుని తిప్పాలి. ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ముప్పై ఏళ్ళలో ఎండి తేనెపట్టు మైనంలా గట్టిపడుతుంది. కొక్కెం అందులో ఇరుక్కుని వెనక్కి రాదు. అందుకే లివరు ఊరికే పోతోంది. లోపల ఏదీ విరగలేదు.

చేయాల్సింది ఇది. లివరు అడుగున ప్లాస్టిక్ మూత ఒక చిన్న స్క్రూతో ఉంటుంది, అది తీయండి. అంతకుమించి విప్పకండి. లోపల స్ప్రింగులు ఎగిరిపోతే వెతికి పెట్టడం దేవుడి తరం కూడా కాదు. గేరు కేబులు తీసేయండి. కింద గుడ్డ పరిచి, సన్నటి గొట్టమున్న డబ్ల్యూడీ-40 డబ్బాతో సందుల్లోకి బాగా కొట్టండి. నూనెగా అది పెద్ద గొప్పది కాదు గానీ, ఎండిన గ్రీజు కరిగించడానికి పనికొస్తుంది. ఇప్పుడు లివరు నొక్కండి. ఏమీ జరగదు. యాభైసార్లు నొక్కండి. పసుపురంగు జిగురు కారడం మొదలవుతుంది. మళ్ళీ కొట్టండి, మళ్ళీ నొక్కండి. టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు. ఎక్కడో ఓసారి వేలికి సన్నటి 'టిక్' తగులుతుంది, తర్వాత నాలుగుసార్లు ఏమీ ఉండదు, తర్వాత రెండు 'టిక్'లు వరసగా వస్తాయి. మొదటిసారి ఇది విన్నప్పుడు మా ఆవిడని నిద్రలేపి మరీ వినిపించాను. ఆవిడ స్పందన ఇక్కడ రాయను. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున మళ్ళీ ఒక విడత కడిగి, ఏడు గేర్లూ అటూ ఇటూ తప్పకుండా పడుతున్నాక రెండు చుక్కలు పల్చటి నూనె వేయండి, కుట్టు మిషను నూనె చాలు. గ్రీజు పెట్టొద్దు, మళ్ళీ అదే కథ.

నాకైతే పదిలో ఎనిమిది ఇలాగే బతికాయి. బతకకపోతే ఏడు గేర్ల షిమానో లివరు ఏదైనా, చవక రకమైనా, మీ వెనక గేరు మార్చే పార్టుతో పనిచేస్తుంది. ఒక్కో క్లిక్కుకి లాగే కేబులు పొడవు ఒకటే.

ఈ గ్రీజు గోల గురించి ఒక పిట్టకథ. మౌంటెన్ బైకు అనే వస్తువే పుట్టని రోజుల్లో, కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు ష్విన్ అనే అమెరికన్ కంపెనీ పాత సైకిళ్ళని కొండమీదికి ట్రక్కుల్లో తీసుకెళ్ళి మట్టిబాటలో కిందికి దూకించేవారు. ఆ సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు మాత్రమే ఉండేది. ఒక్కసారి దిగేసరికి హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) కాలిపోయి లోపలి గ్రీజంతా పొగయ్యేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు దట్టించాలి. అందుకే 1976లో మొదలైన ఆ పందేనికి 'రీప్యాక్' అనే పేరు పడింది. మౌంటెన్ బైకుకి ఆద్యులని చెప్పుకునే జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అందులో వాళ్ళే. 1981లో స్పెషలైజ్డ్ అనే కంపెనీ వాళ్ళు స్టంప్‌జంపర్ అనే మోడల్‌ని పెద్దయెత్తున తయారుచేసి అమ్మకానికి పెట్టేదాకా ఈ రకం సైకిళ్ళు ఒకటీ రెండూ చొప్పున చేతిపనిగా చేసినవే. ఆటకే గ్రీజు పనిమీద పేరొచ్చింది కాబట్టి మన చేతులు నల్లబడ్డాయని బాధపడక్కర్లేదు.

చక్రాల హబ్బులు తప్పకుండా విప్పండి. 'స్మూత్‌గానే తిరుగుతోంది' అని వదిలేయొద్దు. బాల్స్‌ని ఇరుసు మీద ఆనించి పట్టే శంకువులాంటి నట్టుని కోన్ అంటారు. దానికి పలచటి కోన్ పానాలు కావాలి, ముందు చక్రానికి 13, వెనక్కి 15 మి.మీ. ఒక ట్రేలో పాత తువ్వాలు పరిచి దాని మీద విప్పండి, బాల్స్ గచ్చు మీద దొర్లితే ఫ్రిజ్ కిందికే పోతాయి. మామూలుగా ముందు చక్రంలో ఒక్కోవైపు 10, సైజు 3/16 అంగుళం. వెనక ఒక్కోవైపు 9, పావు అంగుళం. మీవి లెక్కపెట్టి చూసుకోండి. పాతవి పారేసి కొత్త బాల్స్ వేయండి, నాలుగైదు డాలర్ల పని. చూడాల్సింది కోన్‌ని. బాల్స్ తిరిగే దారిలో గోరు పెట్టి గీస్తే నున్నగా పోవాలి. చిన్న గుంట తగిలినా కోన్ మార్చండి. హబ్బు లోపలి కప్పులో గుంటలుంటే మాత్రం మార్చడానికి ఉండదు, గ్రీజు దట్టంగా పెట్టి వాడుకోవడమే.

బిగింపు దగ్గరే కొత్తవాళ్ళు పొరబడతారు. చక్రం చేతిలో ఉండగా కోన్‌ని సరిగ్గా బిగించి సైకిలుకి తగిలిస్తారు. క్విక్ రిలీజ్ లివరు (పానా లేకుండా చక్రాన్ని బిగించేది) మూయగానే ఇరుసు ఒక పిసరు నొక్కుకుపోయి బాల్స్ నలుగుతాయి. అందుకని చేతిలో ఉన్నప్పుడు ఇరుసులో ఒక్క పిసరు లూజు ఉంచండి. సైకిలుకి బిగించాక ఆ లూజు మాయమవ్వాలి. మూడు నాలుగుసార్లు విప్పి బిగించాల్సి వస్తుంది. మామయ్య ఒక్కసారిలో చేసేవాడు, నాకు ఇప్పటికీ రాదు.

రెండు క్రాంకుల మధ్య ఇరుసుని పట్టుకుని ఉండే బాటమ్ బ్రాకెట్ దగ్గర నా తప్పులు రెండూ జరిగాయి. మొదటిది క్రాంకు ఊడదీయడం. మన ఊరి సైకిళ్ళలో కాటర్ పిన్ను సుత్తితో కొడితే వచ్చేస్తుంది. ఇక్కడ చతురస్రం ఇరుసు, క్రాంకు పుల్లర్ అనే పనిముట్టు కావాలి. బోల్టు తీశాను, దాని వెనక అతుక్కున్న వాషరు నల్లటి మురికిలో కనపడలేదు. పుల్లర్ పెట్టి తిప్పాను. అది ఇరుసుని నెట్టాల్సింది పోయి వాషరు మీద ఆనింది, క్రాంకులో ఉన్న మరలన్నీ పీక్కుని బయటికొచ్చింది. మీరు టార్చి వేసి చూడండి. పుల్లర్‌ని కూడా మరలన్నీ పూర్తిగా ఎక్కేదాకా చేత్తోనే బిగించండి.

రెండోది దిక్కు. గేర్ల వైపు కప్పుకి ఎడమ మర ఉంటుంది, అంటే గడియారం తిరిగినట్టు తిప్పితే ఊడుతుంది. ఎడమవైపు మామూలే. ఈ సంగతి తెలిసీ, సైకిల్ని తలకిందులుగా పెట్టుకుని తికమకపడి, అరగంటసేపు పైపు తొడిగిన పానాతో కప్పుని ఇంకా బిగించాను. ఆ ఫ్రేము ఇప్పుడు మా పెరట్లో తీగ పాకించడానికి ఉంది. ఇప్పుడైతే సైకిలు ముందు కూర్చుని చేత్తో గాల్లో తిప్పి చూసుకున్నాకే పానా పెడతాను. పెడల్స్‌లో కూడా ఎడమదానికి ఎడమ మర.

లోపలినుంచి వచ్చేది విప్పడానికి వీల్లేని సీల్డ్ యూనిట్ అయ్యుండొచ్చు. గరగరలాడుతుంటే బాగుచేసేదేం లేదు, పాతదాని మీద ఉన్న కొలతలు చూసి అదే పొడవుది కొనండి. అది బయట ఉండగానే ఫ్రేములో టార్చి వేసి చూడండి. ఎర్రటి పొడి రాలితే మామూలే, నీళ్ళు కారితే ఆరనివ్వండి. ఫ్రేము పైపుల్లోకి కొట్టే స్ప్రేలు దొరుకుతాయి, లేదా బాయిల్డ్ లిన్సీడ్ నూనె పోసి అన్ని వైపులా తిప్పండి. ఒక జాగ్రత్త, లిన్సీడ్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట తీగ మీద విడివిడిగా ఆరేసి ఎండాక పారేయండి.

బ్రేకులు. మీవి కాంటిలివర్లు, చక్రానికి రెండు పక్కలా చేతులు చాచినట్టుంటాయి. చేతులు మంచివే, రబ్బర్లు మాత్రం రాయిలా అయ్యుంటాయి, మార్చేయండి. కూల్‌స్టాప్ వాళ్ళ సాల్మన్ రంగువి నాకు ఇష్టం, వానలో కూడా పట్టుకుంటాయి. రబ్బరు ముందు కొస రిమ్ముకి ముందుగా తాకేలా ఒక మిల్లీమీటరు ఏటవాలు పెట్టండి, కీచుమనదు. టైరుకి మాత్రం తగలకూడదు. కేబుళ్ళు, వాటి పైతొడుగులు అన్నీ కొత్తవి వేయండి. గేరు తొడుగుని బ్రేకుకి వాడొద్దు. దాంట్లో తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు లాగుడికి చిట్లి బయటికొస్తాయి.

ముందు బ్రేకుకి సంబంధించి ఒకటి గట్టిగా చెప్తాను. బ్రేకు రెండు చేతుల్నీ కలుపుతూ టైరు మీదుగా ఒక అడ్డ తీగ ఉంటుంది. పైనుంచి లాగే కేబులు తెగినా, జారినా ఆ తీగ టైరు మీద పడుతుంది. మౌంటెన్ బైకు టైరు గుబ్బలకి అది చిక్కుకుంటే చక్రం ఒక్కసారిగా ఆగిపోయి మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. ఫోర్కు దగ్గర రిఫ్లెక్టరు తగిలించే క్లాంపు ఉంటే 'అందంగా లేదు' అని పీకేయకండి. ఆ తీగని పట్టి ఆపేది అదే.

చైను కొలవడం తేలిక. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టి 12 అంగుళాల దగ్గర చూడండి. సరిగ్గా ఇంకో పిన్ను మీద పడితే చైను మంచిదే. 1/16 అంగుళం దాటితే చైను మార్చాలి. 1/8 దాటితే వెనక పళ్ళచక్రాలు కూడా అరిగాయని లెక్క, రెండూ కలిపి మార్చాలి. గేరు సర్దుబాటుకి వీడియోలు బోలెడున్నాయి, ఇక్కడ రాయను. ఒక్క మాట, గేరు పార్టు తగిలే ఫ్రేము కొక్కెం వంగి ఉంటే ఎన్ని స్క్రూలు తిప్పినా ప్రయోజనం లేదు. వెనకనుంచి చూస్తే గేరు పార్టులోని రెండు చిన్న చక్రాలు పైనున్న పళ్ళచక్రానికి తిన్నగా కింద ఉండాలి.

టైర్లు కొనేటప్పుడు '26' అని చూసి కొనేయకండి. మీకు కావాల్సింది అంచు మీద 559 అని ఉండేది, 26 ఇంటు 1.95 లేదా 2.1. పాయింటుతో రాసిన 26, భిన్నంతో రాసిన 26 వేరువేరు. మనవైపు దొరికే 26 ఇంటు 1 3/8 అసలు కొలత 590, మీ రిమ్ములో వదులుగా ఊగుతుంది.

హ్యాండిల్‌ని పట్టుకునే రాడ్డు (స్టెమ్) ఊడదీసి గ్రీజు పెట్టి బిగించండి, లేకపోతే సీటు రాడ్డు కథే మళ్ళీ. పైబోల్టుని మొత్తం తీయకుండా మూడు చుట్లు వదులు చేసి, దాని నెత్తిన రబ్బరు సుత్తితో ఒక్కటి వేస్తే కింద లోపల బిగుసుకున్న ముక్క ఊడుతుంది. అల్యూమినియం హ్యాండిల్ మీద లోతైన గీతలున్నా, ఎప్పుడైనా గట్టిగా పడిందని అనిపించినా కొత్తది వేసేయండి. స్టీలు వంగి చెప్తుంది. అల్యూమినియం చెప్పకుండా విరుగుతుంది.

ఇప్పుడు తుప్పు, పెయింటు. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, కారు పాలిష్ పట్టించి, మైనం రుద్దండి. ఎక్కడో లోపల ఇంత రంగు దాగుందా అనిపిస్తుంది. తుప్పు మచ్చల్ని సన్నటి స్టీలు ఊలుతో, అదీ నాలుగు సున్నాల రకంతో, మచ్చ మీద మాత్రమే రుద్ది, తడి లేకుండా ఆరబెట్టి, దగ్గరి రంగు గోళ్ళ పాలిష్ పెట్టండి. వాల్‌గ్రీన్స్ మందుల షాపులో రంగులు చూస్తూ నిలబడితే అందరూ ఒకసారి చూస్తారు, ఫర్వాలేదు. స్టిక్కర్ల దగ్గర అసిటోన్, థిన్నర్ తగలనివ్వొద్దు, క్షణంలో తుడిచిపెట్టుకుపోతాయి. మళ్ళీ పెయింటు వేయిస్తే ఆ లగ్గుల అంచులు మందపు రంగు కింద మునిగిపోతాయి, ఖర్చు మీరు సైకిలుకి పెట్టినదానికి రెండు మూడింతలు. ఆ గీతలు పడ్డ పాత రంగే దీని వయసు చెప్పేది. నాకైతే అదే ముద్దు.

ఖర్చు, నా అనుభవంలో: చైను 15, పళ్ళచక్రాలు 22, కేబుళ్ళు తొడుగులు 25, బ్రేకు రబ్బర్లు 28, టైర్లు ట్యూబులు 70, బాల్స్ గ్రీజు 15, బాటమ్ బ్రాకెట్ మార్చాల్సొస్తే 30. మొత్తం 205 డాలర్లు. చైను, పళ్ళచక్రాలు కొలతలో పాసైతే 170కి లోపే. పనిముట్లు కొనకండి. మీ ఊళ్ళో సైకిల్ కో-ఆప్ ఉంటుంది, వెతకండి. గంటకి కాస్త డబ్బు తీసుకుని స్టాండు, పుల్లర్, కోన్ పానాలు అన్నీ ఇస్తారు. అక్కడి పెద్దవాళ్ళు చెప్పకుండానే వచ్చి సలహాలిస్తారు, వద్దన్నా ఇస్తారు. అమ్మితే ఈ డబ్బు తిరిగి రావడం కష్టం, అందుకని తొక్కుకోవడానికైతేనే చేయండి. మీ శరీరానికి ఫ్రేము సైజు సరిపోతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడితే పై పైపుకి మీకు మధ్య రెండు మూడు అంగుళాల సందు ఉండాలి. అది లేకపోతే ఎంత బాగుచేసినా మీది కాదు, మీ రూమ్మేటుది.

సీటు రాడ్డు చుట్టూ ఇవాళ రాత్రే నూనె పోసేయండి. అది నానుతుండగా లివరు కడుక్కోండి. క్రాంకు వెనక అక్షరాలు, వెనక హబ్బు కోన్లు కడిగాక దగ్గరినుంచి తీసిన ఫోటో పెట్టండి. కోన్లు మార్చాలో వద్దో చూసి చెప్తాను.